బొచ్చు లోపలికా, బయటికా?

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ముందు వరుసలో కూర్చున్న ఇద్దరి చేతికి రెండు ముక్కలు ఇచ్చాను. జానెడు పొడుగు, మూడు వేళ్ల వెడల్పు. చలికోటు టోపీ అంచున కుట్టే ఫర్ పట్టీలు అవి. ఒకటి బూడిద రంగుది, ఒకటి గోధుమ రంగుది. ఒకటి జంతువుది, ఇంకొకటి ఫ్యాక్టరీలో చేసింది. ఏది ఏదో ఇప్పుడు చెప్పను. నిమిరి చూడండి, నోటితో ఊది చూడండి, పక్కవాళ్లకి అందించండి. నా మాటలు పూర్తయ్యేలోగా అవి సభంతా తిరిగి నా దగ్గరికి రావాలి. అప్పుడు మీచేత చేతులెత్తిస్తాను.

నేను చాలా ఏళ్లు దుస్తుల తయారీ చదువుకునే పిల్లలకి పాఠాలు చెప్పాను. నూలు, నేత, అద్దకం, ఉన్ని, తోలు అన్నీ చెప్పాను. ఫర్ గురించి ఒక్క గంట పాఠం ఉండేది. ఏ ఫర్ ఎంత మెత్తన, ఎలా భద్రపరచాలి, చెమ్మ తగిలితే ఏం చేయాలి, ఇంతే. ఆ బొచ్చు ఎవరిది, ఎలా వచ్చింది అన్న ప్రశ్న ఆ పాఠంలో లేదు. నేనూ అడగలేదు. ఏడాది తర్వాత ఏడాది అదే పాఠం అలాగే చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ్టి ప్రసంగం ఆ పాఠంలో వదిలేసిన భాగం అనుకోండి. ఇది నేను ఎప్పుడో చెప్పి ఉండాల్సింది.

మన భాషలోనే ఒక తేడా ఉంది, గమనించండి. ఉన్ని వేరు, బొచ్చుతోలు వేరు. గొర్రెకి ఉన్ని కత్తిరిస్తే గొర్రె మళ్లీ మేతకి పోతుంది, ఏడాది తిరిగేసరికి ఉన్ని మళ్లీ పెరుగుతుంది. ఫర్ అలా రాదు. ఫర్ అంటే తోలుతో సహా వచ్చే బొచ్చు. వెంట్రుక తోలులో నాటుకుని ఉంటేనే అది ఫర్. కాబట్టి దాన్ని కత్తిరించడం ఉండదు, ఒలవడమే. ఒక్కసారే వస్తుంది, ఒక ప్రాణికి ఒక్కటే వస్తుంది.

ఆ బొచ్చు ఎలా పనిచేస్తుందో చూద్దాం, ఎందుకంటే కథ మొత్తం అక్కడే ఉంది. చలిదేశపు జంతువుకి రెండు రకాల వెంట్రుకలుంటాయి. పైన పొడవుగా, బిరుసుగా, నిగనిగలాడేవి కొన్ని. నీటినీ మంచునీ ఇవి ఆపుతాయి. వాటి అడుగున పొట్టిగా, వంకీలు తిరిగి, దూదిలా ఒత్తుగా ఉండేది లోబొచ్చు. ఆ లోబొచ్చు సందుల్లో గాలి చిక్కుకుని కదలకుండా నిలుస్తుంది. వెచ్చదనమంతా ఆ నిలిచిన గాలిదే. సీ ఆటర్ అని ఉత్తర పసిఫిక్ సముద్రంలో ఒక నీటికుక్క ఉంది. సీల్‌కీ తిమింగలానికీ చర్మం కింద మందమైన కొవ్వు ఉంటుంది, దీనికి అది లేదు. మంచులాంటి నీళ్లలో దాన్ని కాపాడేది బొచ్చొక్కటే. అందుకే ఒక్క చదరపు అంగుళంలో దానికి పది లక్షల దాకా వెంట్రుకలుంటాయి. మనిషి తల మొత్తం మీద ఉండేవి సుమారు లక్ష. రోజులో చాలా సేపు అది తన ఒళ్లు దువ్వుకుంటూనే గడుపుతుంది. బొచ్చుకి మురికి పట్టి నీళ్లు లోపలికి దిగితే ప్రాణం పోతుంది కాబట్టి.

మనిషికి ఇలాంటి బొచ్చు లేదు. అందుకే పక్క ప్రాణిది తీసుకున్నాడు. ఎప్పటినుంచి అంటే చాలా పాత సంగతి. బట్టల్లో బతికే పేను తలలో బతికే పేను నుంచి ఎప్పుడు విడిపోయిందో జన్యువుల ద్వారా లెక్కగట్టినవాళ్లు, మనిషి సుమారు 1,70,000 ఏళ్ల కిందటే ఏదో ఒకటి ఒంటికి కప్పుకోవడం మొదలుపెట్టి ఉంటాడంటున్నారు. మొరాకోలో ఒక గుహలో 90,000 నుంచి 1,20,000 ఏళ్ల నాటి ఎముక పనిముట్లు దొరికాయి. తోలు గీకడానికి పనికొచ్చే ఆకారంలో ఉన్నాయవి. అక్కడే నక్క, గుంటనక్క, అడవిపిల్లి ఎముకల మీద తోలు ఒలిచేటప్పుడు పడే గాట్లున్నాయి. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి మీకు గుర్తుండే ఉంటాడు, ఓట్సీ అంటారు. అతని టోపీ ఎలుగుబంటి బొచ్చుది, కోటు మేక, గొర్రె తోళ్లు అతికి కుట్టింది.

వీళ్లతో నాకు ఏ తగువూ లేదు. ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఇనూయిట్ జాతివాళ్ల దుస్తులు చూడండి. ఈ లోకంలో అంత తెలివైన కుట్టుపని నేను వేరే చూడలేదు. కారిబూ దుప్పి తోలుతో రెండు కోట్లు కుడతారు. లోపలి కోటు బొచ్చు ఒంటివైపు తిరిగి ఉంటుంది. పై కోటు బొచ్చు బయటివైపు ఉంటుంది, మంచు రాలిపోవడానికి. కారిబూ వెంట్రుక లోపల డొల్లగా ఉంటుంది, గాలి అందులోనూ నిలుస్తుంది. ముఖం చుట్టూ ఉండే అంచుకి వుల్వరిన్ అనే జంతువు బొచ్చు వాడతారు. ఊపిరి ఆవిరి దాని మీద గడ్డకట్టినా చేత్తో తుడిస్తే రాలిపోతుంది. నార్వే యాత్రికుడు అమండ్‌సెన్ 1903 నుంచి దాదాపు రెండేళ్లు నెట్సిలిక్ అనే ఇనూయిట్ తెగ ప్రజల మధ్య ఉండి ఈ విద్య నేర్చుకున్నాడు. 1911 డిసెంబరులో దక్షిణ ధ్రువం చేరింది అలాంటి దుస్తుల్లోనే. అక్కడ ప్రతి తోలుకీ ఒక పని ఉంది, ఆ జంతువు మాంసం ఇంటిల్లిపాదీ తిన్నారు, నరాలతో దారం చేసుకున్నారు. ఒక మనిషికి ఎన్ని కోట్లు కావాలో అన్నే కుట్టుకున్నారు.

ఇప్పుడు నా అసలు మాట చెప్తాను. ఏ ఫర్ కోటు చూసినా ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: బొచ్చు లోపలికుందా, బయటికుందా? వెచ్చదనానికి వేసుకునేవాడు బొచ్చుని ఒంటివైపు తిప్పుకుంటాడు. ఐరోపాలో కూడా వందల ఏళ్లు ఫర్‌ని దుస్తుల లోపలివైపే వేసేవారు. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా మాత్రం కొంచెం బయటికి మడిచేవారు. పక్కవాడికి కనిపించాలి కదా. ఆ మడత దగ్గరే అంతా మొదలైంది. మెల్లమెల్లగా ఆ మడత వెడల్పయింది. 19వ శతాబ్దం రెండో సగానికి వచ్చేసరికి కోటు మొత్తం తిరగబడి, బొచ్చంతా బయటికి వచ్చేసింది. చలికి ఒక కోటు చాలు. పక్కవాడి కంటికి ఎన్ని కోట్లయినా చాలవు.

ఇంగ్లండ్‌లో 1363లో చట్టమే చేశారు, ఏ అంతస్తువాళ్లు ఏ ఫర్ తొడగాలో రాసిపెట్టి. చలి అందరికీ ఒకటే అయినా చట్టం మాత్రం ఒకటి కాలేదు. రాజుల పటాల్లో తెల్లటి అంగీ మీద నల్లటి చుక్కలు చూసి ఉంటారు. దాన్ని ఎర్మిన్ అంటారు. స్టోట్ అనే చిన్న జంతువు, ముంగిసకన్నా సన్నగా ఉంటుంది. చలికాలంలో ఒళ్లంతా తెల్లబడి తోక చివర మాత్రం నల్లగా మిగులుతుంది. అసలైన ఎర్మిన్ అంగీలో ఆ నల్లచుక్క ఒక్కొక్కటీ ఒక తోక. పటం ముందు నిలబడి లెక్కపెట్టొచ్చు ఎన్ని ప్రాణాలో. నేను ఒకసారి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

సైబీరియా చరిత్ర కూడా బొచ్చు చరిత్రే. 1580లలో రష్యా నుంచి యెర్మాక్ అనేవాడి దళం ఉరల్ పర్వతాలు దాటింది. 1639 నాటికి రష్యన్లు పసిఫిక్ తీరంలో ఉన్నారు. అరవై ఏళ్లలో ఒక ఖండమంత దూరం నడిపించింది సేబుల్ అనే చిన్న జంతువు తోలు. అక్కడి ప్రజల మీద యసాక్ అని పన్ను వేశారు, డబ్బు కాదు, తోళ్లు కట్టాలి. ఒక చోట సేబుల్ అయిపోగానే ఇంకా తూర్పుకి కదిలేవారు.

పసిఫిక్ చేరాక జరిగింది చెప్పకుండా నేను ముందుకి వెళ్లలేను. 1741లో రష్యా పంపిన యాత్రికుడు బేరింగ్ నౌక ఒక నిర్జన దీవి దగ్గర ధ్వంసమైంది. బేరింగ్ అక్కడే చనిపోయాడు. మిగిలినవాళ్లు సీ ఆటర్ తోళ్లు మూటలు కట్టుకుని తిరిగి వెళ్లారు. వాటిని చూడగానే వేటగాళ్లు పడవలేసుకుని బయల్దేరారు. ఆ నౌకలోనే స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. ఆ దీవి ఒడ్డున పెద్ద సముద్రపు ఆవుని చూసి వివరంగా రాసుకున్నాడు. ఏడెనిమిది మీటర్ల పొడవు, పళ్లు లేవు, సముద్రపు నాచు మేసుకుంటూ తీరం దగ్గరే తేలుతుండేది. మనిషంటే బెదిరేది కాదు. దాని తోలుకి ఫ్యాషన్‌లో ఏ గిరాకీ లేదు. సీ ఆటర్ కోసం వచ్చినవాళ్లకి తిండి కావాలి, అది తిండయింది. 1768 తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. కనిపెట్టిన 27 ఏళ్లకి ఒక జాతి మొత్తం పోయింది. ఒక శాస్త్రవేత్త దాన్ని ప్రాణంతో చూసి రాసిన వర్ణన అదొక్కటే మిగిలింది. ఒక కోటు వెల లెక్కగట్టేటప్పుడు ఇలాంటివి ఏ ఖాతాలోనూ రాయరు.

సీ ఆటర్లు కూడా లక్షల నుంచి వెయ్యి, రెండు వేలకి పడిపోయాయి. 1911లో అమెరికా, రష్యా, జపాన్, కెనడా తరఫున బ్రిటన్ కలిసి ఒప్పందం రాసుకుంటేనే అవి బతికి బయటపడ్డాయి. ఫర్ సీల్ కోసం చేసుకున్న ఒప్పందం అది, వన్యప్రాణుల కోసం దేశాలు కలిసి రాసుకున్న మొదటి ఒప్పందాల్లో ఒకటి. దానికి ఏడాది ముందే, 1910లో, చించిల్లా అనే చిన్న జంతువు కోసం చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా ఇలాంటిదే రాసుకున్నాయి.

బీవర్ అనే నీటి జంతువు కథ ఇంకా విచిత్రం. బీవర్ తోలుని తోలుగా వాడింది తక్కువ. దాని లోబొచ్చు గీకి, అణగదొక్కి ఫెల్ట్ చేసి టోపీలు తయారుచేసేవారు. టోపీ పెద్దమనిషి గుర్తు. ఆ టోపీల గిరాకీ మీదే 1670లో కెనడా బొచ్చు వ్యాపారం కోసం హడ్సన్స్ బే కంపెనీ పుట్టింది. బొచ్చు బాగా అతుక్కోడానికి పాదరసం కలిపిన ద్రావణం పూసేవారు. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకి చేతులు వణికేవి, మాట తడబడేది, మతి చలించేది. ఐరోపాలో 20వ శతాబ్దం మొదట్లో మిగిలిన బీవర్లు సుమారు 1,200. ఉత్తర అమెరికా బీవర్లని కొంతవరకు కాపాడింది దయ కాదు. 1830, 40లలో పట్టు టోపీ ఫ్యాషన్ అయింది, అంతే. ఫ్యాషన్ మారితే ఒక జాతి ఊపిరి పీల్చుకుంటుంది, మళ్లీ మారితే ఇంకొక జాతి మీద పడుతుంది.

అడవిలో జంతువులు తరిగిపోతున్నాయి కాబట్టి మేమే పెంచుతాం అన్నారు. ఆ మాట వినడానికి బాగుంటుంది. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో 1890లలో నల్లనక్కల్ని పెంచడం లాభసాటి వ్యాపారంగా నిలబడింది. తర్వాత మింక్. ఇవాళ ప్రపంచంలో అమ్మే ఫర్‌లో ఎక్కువ భాగం అడవిది కాదు, ఇలాంటి ఫారాలదే. కాబట్టి అక్కడికి వెళ్దాం.

మింక్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మూరెడు పొడుగు, పొట్టి కాళ్లు, వేళ్ల మధ్య కొంచెం చర్మం. నీళ్ల ఒడ్డున బతుకుతుంది, చేపలు పట్టుకుంటుంది. ఒంటరిది, తోటి మింక్‌ని కూడా దగ్గరికి రానివ్వదు. ఒక్కొక్కటి నది వెంబడి కిలోమీటర్ల కొద్దీ తనదిగా చేసుకుని తిరుగుతుంది. ఫారంలో దాని పంజరం మూడడుగుల లోపు పొడుగు, ఒక అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. అడుగున ఇనప తీగల వల, పక్కన చిన్న పెట్టె. పైకప్పు కింద ఇలాంటి పంజరాలు వరసలు వరసలుగా, వేలల్లో. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు పుడతాయి. నవంబరు వచ్చేసరికి చలికాలపు బొచ్చు నిండుగా వస్తుంది. ఆ నిండుదనం ఉండగానే చంపాలి, ఆలస్యమైతే బొచ్చు రాలడం మొదలవుతుంది. పుట్టుకకీ చావుకీ మధ్య ఆరేడు నెలలు. మింక్‌ని గ్యాస్ పెట్టెలో వేస్తారు. నక్కని అయితే కరెంటుతో, నోట్లో ఒక తీగ, మలద్వారంలో ఒక తీగ పెట్టి. తోలు మీద గాటు పడకూడదు కదా. ఈ మాట చెప్పడానికి నాకు ఇష్టం లేదు. చెప్పకుండా ఇంటికి పోతే పాత పాఠమే మళ్లీ చెప్పినట్టవుతుంది.

"పంజరంలో పుట్టినదానికి నది సంగతేం తెలుసు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు 2001లో వచ్చింది. జార్జియా మేసన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఫారంలో పుట్టిన మింక్‌లకి ఏడు రకాల వసతులు చూపించారు. ఎత్తుగా ఒక అరుగు, ఆడుకునే వస్తువులు, దూరే గొట్టం, ఇంకో గూడు, ఇలాంటివి. వాటిలో ఒకటి చిన్న నీళ్ల తొట్టి. ప్రతిదానికీ ఒక తలుపు, ఆ తలుపుకి బరువు. ఆ బరువు పెంచుతూ పోయారు. మింక్‌లు అన్నిటికన్నా ఎక్కువ బరువు తోసింది నీళ్ల కోసం. తర్వాత ఒక రోజంతా ఆ తొట్టికి దారి మూసేశారు. వాటి మూత్రంలో ఒత్తిడి హార్మోను ఎంత పెరిగిందంటే, తిండి పెట్టకుండా మాడ్చినప్పుడు పెరిగినంత. అవి అంతకుముందు నది చూసినవి కావు. నది వాటి ఒంట్లోనే ఉంది.

పంజరంలో అటూ ఇటూ, అటూ ఇటూ ఒకే గీత మీద గంటల తరబడి తిరిగే జంతువుని వీడియోలో చూసినవాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

రంగుల సంగతి చాలామందికి తెలియదు. అడవి మింక్ ముదురు గోధుమ రంగు. మార్కెట్‌కి తెల్లది కావాలి, ముత్యం రంగు కావాలి, తుపాకీ ఉక్కు రంగు కావాలి. ఫారాల్లో ఎక్కడైనా అరుదుగా అలాంటి పిల్ల పుడితే దాన్ని పట్టుకుని జాతి చేశారు. హెడ్‌లండ్ అనే తెల్ల మింక్‌కి చెవుడు. బొచ్చుని తెల్లగా చేసే జన్యువే చెవుల్ని కూడా పాడుచేస్తుంది. అల్యూషన్ అనే నీలిబూడిద రంగు మింక్‌లో రోగాన్ని తట్టుకునే శక్తే లోపం. కోటు తెల్లగా ఉండటం కోసం తరతరాలుగా చెవిటి పిల్లల్ని పుట్టించారు. ఆ తెల్లకోటు తొడుక్కున్న మనిషికి ఈ సంగతి ఎవరు చెప్తారు?

రష్యాలో దీనికి తిరగబడ్డ కథ ఒకటుంది. బెల్యాయెవ్ అనే జన్యు శాస్త్రవేత్త 1959లో ఫారం నక్కలతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. మనిషిని చూసి తక్కువ బెదిరే నక్కల్నే ఎంచుకుని వాటికే పిల్లల్ని పుట్టించాడు. కొన్ని తరాలకే అవి తోక ఊపాయి, చేతులు నాకాయి, మనిషి కోసం కుయ్యిమన్నాయి. దాంతోపాటు చెవులు వాలాయి, ఒంటి మీద తెల్లమచ్చలు వచ్చాయి. మార్కెట్ కోరిన నిండు వెండిబొచ్చు చెదిరింది. నాకు ఈ కథ చాలా ఇష్టం, చాలా బాధ కూడా. మనిషి దగ్గర హాయిగా ఉండగలిగే నక్క వేరే నక్క అవుతోంది. మార్కెట్‌కి కావలసిన ఆ బొచ్చుతో పంజరంలో ఉన్నది ఇంకా బెదురుతూనే ఉన్న నక్క.

2020 సంగతి మీకు గుర్తుంటుంది. కరోనా మనుషుల నుంచి మింక్ ఫారాల్లోకి దూరింది, అక్కడ వేల జంతువుల మధ్య తిరిగి, మార్పు చెంది, మళ్లీ మనుషుల్లోకి వచ్చింది. ముందు నెదర్లాండ్స్, తర్వాత డెన్మార్క్. ఆ ఏడాది నవంబరు 4న డెన్మార్క్ ప్రధాని దేశంలోని మింక్‌లన్నిటినీ చంపాలని ప్రకటించారు. సుమారు 1.7 కోట్లు. ఆరోగ్యంగా ఉన్నవాటిని చంపించే అధికారం చట్టంలో లేదని తర్వాత తేలింది. వ్యవసాయ మంత్రి రాజీనామా చేశారు. హడావిడిగా మట్టి కప్పిన గుంతల్లో కళేబరాలు కుళ్లి, గ్యాస్ పుట్టి, మట్టిని తోసుకుని పైకి లేచాయి. మరుసటి ఏడాది వాటిని తవ్వి తీసి కాల్చాల్సి వచ్చింది. ఆ రైతుల గురించి కూడా ఒక మాట. తరాలుగా అదే పని చేసినవాళ్లు, కొన్ని వారాల్లోనే కొట్టాలు ఖాళీ అయ్యాయి. వాళ్ల కన్నీళ్లు అబద్ధం కాదు. పని పోయిన మనిషి బాధని నేను తక్కువ చేయను. కానీ ఆ జంతువుల్లో చాలావరకు ఎలాగూ కొద్దివారాల్లో చావాల్సినవే. చావు గురించి అప్పటిదాకా లేని దిగ్భ్రాంతి లోకానికి కలిగిందంటే, లోకం మొదటిసారి చూసిందని అర్థం.

చట్టాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫర్ ఫారాల్ని నిషేధిస్తూ 2000లో చట్టం చేశారు. నెదర్లాండ్స్ 2024 దాకా గడువు పెట్టుకుని, కరోనా రావడంతో దానికన్నా ముందే ఫారాలు మూసేసింది. నార్వేలో 2025 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. ఇజ్రాయెల్ 2021లో ఫ్యాషన్ కోసం ఫర్ అమ్మకాన్నే నిషేధించింది, దేశంగా అదే మొదటిది. కాలిఫోర్నియాలో 2023 నుంచి కొత్త ఫర్ అమ్మకూడదు. గుచ్చి అనే ఫ్యాషన్ కంపెనీ 2017లో ఫర్ మానేస్తున్నామని ప్రకటించింది, తర్వాత వెర్సాచే, షనెల్, ప్రాడా. బ్రిటన్ రాణి ఎలిజబెత్ కొత్త దుస్తుల్లో జంతువు ఫర్ ఉండదని 2019లో తెలిసింది. ఏ అంతస్తుకి ఏ ఫర్ అని ఒకప్పుడు చట్టం రాసిన దేశం అది. ఏటా పది కోట్లు దాటిన తోళ్ల సంఖ్య పదేళ్లలో ఎంతో కిందికి వచ్చింది.

ఇక అటువైపు వాదన. "మీరు చెప్పే నకిలీ ఫర్ ప్లాస్టిక్ కదా?" అంటారు. అవును, ప్లాస్టిక్కే. ఆక్రిలిక్, మోడాక్రిలిక్, పాలియెస్టర్. ముడిచమురు నుంచి వస్తుంది, ఉతికితే సన్నటి పోగులు నీళ్లలో కలుస్తాయి, మట్టిలో కరగదు. దీన్ని దాచి మాట్లాడటం నాకు చేతకాదు. అలాగని జంతువు ఫర్ కూడా ప్రకృతి నుంచి నేరుగా ఒంటి మీదికి రాదు. ఒలిచిన తోలు కుళ్లకుండా దాన్ని ఉప్పు, పటిక, ఫార్మాల్డిహైడ్ లాంటివాటితో పదును చేస్తారు. అందుకే అది యాభై ఏళ్లు ఉంటుంది. మింక్ మాంసాహారి, దానికి బతికినన్నాళ్లూ చేప, కోళ్ల వ్యర్థాలు పెట్టాలి. ఫారాల నుంచి తప్పించుకున్న అమెరికన్ మింక్ బ్రిటన్ నదుల్లో వాటర్ వోల్ అనే చిన్న జంతువుని దాదాపు తుడిచిపెట్టేసింది. మొక్కజొన్న లాంటివాటి నుంచి తీసిన పోగుతో బొచ్చు చేస్తున్నవాళ్లు ఇప్పుడు ఉన్నారు. అదీ పూర్తి జవాబు కాదు. నా మటుకు నాకు, నక్కలా కనిపించాలన్న కోరికే అవసరమా అని అడగడం దగ్గరి దారి.

ఇంకో ఆక్షేపణకి నేను తల వంచుతాను. సీల్ వేట మీద కోపంతో యూరోపియన్ యూనియన్ 2009లో సీల్ ఉత్పత్తుల్ని ఆపింది. ఇనూయిట్లకి మినహాయింపు రాసింది. కానీ మార్కెట్ కూలాక మినహాయింపు కాగితం మీదే మిగిలింది, సీల్ తిని బతికే ఊళ్లకి తోలు మీద వచ్చే కాస్త డబ్బూ పోయింది. ఫ్యాషన్ మీద పడాల్సిన దెబ్బ బొచ్చు లోపలికి తిప్పి తొడుక్కునేవాళ్ల మీద పడింది. ఇది మనవైపు తప్పు.

షాతూష్ శాలువా పేరు విన్నారా? ఉంగరంలో దూరిపోతుంది, అంత సన్నం. టిబెట్ పీఠభూమి మీద తిరిగే చిరు అనే జింకది ఆ ఉన్ని. జింకలు పొదలకీ రాళ్లకీ ఒళ్లు రుద్దుకుంటే రాలిన ఉన్ని ఏరి తెస్తారని అమ్మేవాళ్లు చెప్పేవారు, కొనేవాళ్లు నమ్మేవారు. ఆ ఎత్తైన మైదానంలో పొదలే తక్కువ. జార్జ్ షాలర్ అనే శాస్త్రవేత్త అక్కడ తిరిగి చూసి బయటపెట్టాడు, చంపి ఒలిస్తేనే వస్తుందని. ఒక్క శాలువాకి మూడు నుంచి అయిదు జింకలు. ఆ పొద కథ ఎంత అందంగా ఉందో చూడండి. ఎవరినీ నొప్పించకుండా వచ్చిందని నమ్మాలని మనకి ఎంత ఆశ! కొనేవాళ్లలో క్రూరులు తక్కువ. ఎక్కువమంది ఆ పొదని నమ్మినవాళ్లే.

పట్టీలు వచ్చాయా? ఇలా ఇవ్వండమ్మా, థాంక్స్. సరే, బూడిదరంగుది అసలైన జంతువుది అనుకునేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. గోధుమరంగుది? ఆరేడుగురు. ఆరేడుగురే సరిగ్గా చెప్పారు. ఈ గోధుమరంగు ముక్క రకూన్ డాగ్‌ది, నక్కల కుటుంబానికి చెందిన జంతువు. నా కోటు నుంచే ఊడదీశాను. నకిలీ ఫర్ అని చెప్పి అమ్మారు. నేనూ నమ్మి, ఒక చలికాలమంతా వేసుకున్నాను. ఒకసారి కుట్టు ఊడితే బాగుచేసుకుందామని వెనక్కి తిప్పాను. గుడ్డ అల్లిక కనిపించాలి. లేతపసుపు తోలు కనిపించింది. పాఠాలు చెప్పిన చేతులు ఇవి, ఒక చలికాలమంతా ఆ బొచ్చుని నిమిరాయి, గుర్తుపట్టలేదు.

ఎలా గుర్తుపట్టాలో చూపిస్తాను. ఇలా వెంట్రుకల్ని వేళ్లతో రెండువైపులా పాయ తీయండి. అడుగున తోలు కనిపిస్తే జంతువుది, దారాల అల్లిక కనిపిస్తే ఫ్యాక్టరీది. జంతువు వెంట్రుక చివర సూదిలా సన్నబడుతుంది, ఫ్యాక్టరీ పోగు చాలాసార్లు మొద్దుగా తెగి ఉంటుంది. పైన పొడుగు వెంట్రుక, అడుగున దూది లాంటి లోబొచ్చు రెండూ ఉంటే అనుమానించండి. ఇంకా తేలకపోతే రెండు మూడు వెంట్రుకలు పీకి, కోటుకి దూరంగా పట్టుకుని నిప్పు చూపించండి. జంతువుదైతే మన తలవెంట్రుక కాలిన కమురు వాసన వస్తుంది, పొడిగా నలుగుతుంది. ప్లాస్టిక్కైతే కరిగి గట్టి పూస కడుతుంది. ధర చూసి తేల్చుకోవద్దు. పంజరాల్లో పెంచిన బొచ్చు ఒక్కోసారి మంచి నకిలీకన్నా చవగ్గా దొరుకుతుంది, మోసం అక్కడే ఉంది. లేబుల్ చూసి కూడా తేల్చుకోవద్దు. యూరప్ నియమం ప్రకారం "జంతువు నుంచి వచ్చిన, వస్త్రం కాని భాగాలున్నాయి" అని ఉంటే చాలు. ఏ జంతువో, పంజరమో, ఉచ్చో చెప్పక్కర్లేదు.

ఎవరో చెయ్యెత్తారు, అడగండమ్మా.

(సభలో ఒకామె: మా అత్తగారిది మింక్ కోటు ఒకటి బీరువాలో ఉందండి. ఆవిడ లేరు. వేసుకోవాలంటే మనసొప్పడం లేదు, పారేయాలన్నా మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?)

అందులో యాభై, అరవై మింక్‌లుంటాయమ్మా. పారేస్తే వాటికి ఒరిగేదేమీ లేదు. వేసుకుని బయటికి వెళ్తే చూసినవాళ్లకి ఇంకొకటి కొనాలనిపించవచ్చు, నాకున్న భయం అదొక్కటే. అమ్మితే మళ్లీ బజారుకే పోతుంది. అమెరికాలో "కోట్స్ ఫర్ కబ్స్" అని పాత ఫర్ కోట్లు సేకరించే పని ఒకటి జరిగింది. తల్లి చనిపోయి, గాయపడి వచ్చిన అడవి పిల్లల్ని సాకేచోట్లకి వాటిని పంపేవారు. ఉడుత పిల్ల, రకూన్ పిల్ల, ఏదైనా. ఆ కోటుని ముక్కలు చేసి పెట్టెలో పరుస్తారు, బొచ్చు లోపలివైపు, పిల్లకి తగిలేలా. పిల్ల ముక్కుతో వెతుక్కుంటూ వచ్చి ఆ బొచ్చులోకి దూరి పడుకుంటుంది. మీ దగ్గరలో అలా జంతువుల్ని సాకేవాళ్లు ఎవరున్నా అడిగి చూడండి. గుండీలు, అస్తరు ముందు ఊడదీయండి, పిల్ల గొంతుకి అడ్డం పడతాయి.